ఒక పాలుకు అరవై నాలుగు పాళ్ల నీళ్లు

గోడకు ఒక పెట్టె బిగించడం ఎంత పని అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. అడిగేవాళ్లకేం, ఫ్యాను కింద కూర్చుని అడుగుతారు. దానికి ఎంత నీటి ఒత్తిడి కావాలో, కొలత తప్పితే ఎవరి కొంప మునుగుతుందో వాళ్లకేం తెలుసు? వినాయకుడి గుడికి పేరుపడ్డ కురుడుమలె దారిలో ఉన్న ఒక ఊళ్లో ఆ పెట్టె వల్ల ఒకరి కొంప మునగబోయింది, మునిగిపోయిన ఇంకొకరిది తేలింది. ఊరి పేరు చెప్పను. మనుషుల పేర్లు కూడా నేను మార్చినవే. మాటిచ్చాను మరి.

మాది కేజీఎఫ్, రాబర్ట్‌సన్‌పేట. నా పేరు రఘునందన్. మా నాన్న శంకరనారాయణ గారు గనుల ఆఫీసులో గుమస్తా. గనులు మూతపడ్డాక ఆయన ఇంట్లో కూర్చుని పేపర్లో అచ్చుతప్పులు వెతికే ఉద్యోగానికి మారారు. నేను తెల్లవారుజామున రైలెక్కే జనంలో ఒకణ్ణయ్యాను. శుభ్రం చేసే మందులు తయారుచేసే కంపెనీలో పని, డిపో మాలూరులో. ఆసుపత్రుల్లో, హోటళ్లలో, ఫ్యాక్టరీ క్యాంటీన్లలో గోడలకు మందు పెట్టెలు బిగిస్తాను.

పెట్టె అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక పక్క నీళ్ల గొట్టం, కింద చిక్కటి మందు క్యాను. బటన్ నొక్కితే నీళ్లు జోరుగా పోతూ, సన్నటి ట్యూబులోంచి మందును తమతోపాటు లాక్కుంటాయి. రెండూ కలిసి బక్కెట్లో పడతాయి. ఎంత మందు లాగాలో తేల్చేది ట్యూబు మూతిలో పెట్టే ఒక ప్లాస్టిక్ ముక్క. ముక్కుపుడకంత ఉంటుంది, మధ్యలో సూది బెజ్జం. మేం దాన్ని టిప్ అంటాం. బెజ్జం చిన్నదైతే మందు తక్కువ, పెద్దదైతే ఎక్కువ. టిప్ పెట్టడం మరిచామా, మందు వరదే. ఈ మాత్రానికే మా ఇంట్లో నన్ను ఇంజినీరు అంటారు. ఎగతాళికే లెండి.

ఆ ఊరి పాల డైరీకి కొత్తగా పెద్ద కూలింగ్ ట్యాంకు వచ్చింది. ట్యాంకు వచ్చాక నేల రోజూ మందుతో కడగాలని పైనుంచి హుకుం. అందుకని నేనూ, నా పెట్టే. డైరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ఒక వరండా, వరండాకు మెట్లు. రెండు పూటలా ఊరివాళ్లు పాలు తెచ్చి పోసే చోటు.

సెక్రెటరీ ఓబలప్ప గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి, చేతిలో లాక్టోమీటరు. ఆ ఊళ్లో దాని పేరు పుల్ల. పాలలో వదిలితే తేలుతుంది. ఇరవై ఎనిమిదో గీత దాకా తేలితే మంచి పాలు, అంతకంటే లోపలికి మునిగితే నీళ్లు కలిసినట్టు. ఓబలప్ప పుల్ల పెట్టాడు అనే మాట అక్కడ రెండర్థాలతోనూ చెల్లుతుంది.

"ఈ గడప దాటి ఒక చుక్క నీళ్లు లోపలికి రాలేదప్పా. నేనుండేదాకా రానీను" అన్నాడు.

"నా పెట్టెకు నీళ్ల పైపు కావాల్నే అప్పా" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నా పెండ్లాం తెచ్చిన పాలనే ఎనిక్కి పంపినాను, తెలుసునా? ఆ పొద్దు నాకు అన్నం పెట్టలేదు. పెట్టకపోతే పోనీ. రూలంటే రూలే."

అబద్ధమాడే మనిషి కాడు. ముక్కుసూటి మనిషి. అయితే ముక్కు కొంచెం ఎక్కువ పొడుగు.

నేను డ్రిల్లు పెట్టి గోడకు మొదటి బెజ్జం వేస్తుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. డ్రిల్లు మోతను కూడా దాటి వినిపించే గొంతు.

"ఏమప్పా, గోడకు బొక్క ఏమిటికి కొడతా ఉండావు? యాడనుంచి వచ్చినావు?"

"కేజీఎఫ్ నుంచమ్మా."

"అట్లనా! బొక్కలు కొట్టేదే కదా మీ ఊరోళ్ల పని. భూమిలో అయిపోయింది, ఇంగ గోడలకు వచ్చినారా?"

వెనక్కి తిరిగి చూశాను. మెట్టు మీద ఒకావిడ కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంది. అరవై దాటినా నడుం వంగలేదు, నోరు అసలే వంగలేదు. ఆమే సొన్నమ్మ. రెండావులు, కొంచెం రాగి చేను, ఒక కొడుకు, కోడలు చైత్ర. పొద్దున పాలు పోశాక పనేమీ లేకపోతే డైరీ మెట్టు మీదే కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరిస్తుంది. ఆమె పలకరింపు తప్పించుకోవడానికి కొందరు వెనక దారిన పోతారట.

నేను బెజ్జాల్లో ప్లగ్గులు కొట్టి స్క్రూలు బిగించేలోపు సగం ఊరి చరిత్ర విన్నాను. తన చరిత్ర మాత్రం చివరికి అట్టిపెట్టుకుంది.

"నన్ను ఏమని పిలుస్తారో తెలుసునా? నీళ్ల సొన్నమ్మ. మా ఆయన బతికుండంగా జరిగింది. ఒక పొద్దు ఈ ఓబలప్ప నా పాలల్లో పుల్ల పెట్టినాడు. మునిగింది. ఊరంతా నిలబడుకొని ఉండారు. సుమ్నే నోరు మూసుకొని ఎనిక్కి ఇచ్చింటే ఏం పోయె? 'ఏం సొన్నమ్మా, ఆవును పిండినావా, బోరును పిండినావా?' అనె. ఆ పొద్దే పేరు పడిపాయె. ఇంగ పెండ్లికి పోతే, సొన్నమ్మను మజ్జిగ కాడికి రానీకండి, అదే పలచనయిపోతుంది అంటారు. నా మనవణ్ణి ఇస్కూల్లో నీళ్లోళ్ల పిల్లోడా అంటారు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వేశాను కూడా. ఆమె నవ్వలేదు.

"కురుడుమలె వినాయకుని ముందర కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తానంటి. 'పుల్ల ఉండంగా ప్రమాణం ఏమిటికమ్మా' అని పకపక నగినాడు ఈయప్ప. నేను కలపలేదు నాయనా. పాలు పోసే జనమంతా వినేట్టు, సొన్నమ్మ నీళ్లు కలపలేదు అని ఆ నోటితోనే చెప్పాల. ఆ మాట వినేదాకా నాకు కట్టె కాలదు."

అంతసేపూ నన్ను ఆటపట్టించిన గొంతు అక్కడ బొంగురుపోయింది. నా నవ్వుకు నాకే సిగ్గేసింది. గోడ వైపు తిరిగి మిగిలిన స్క్రూ బిగించాను.

పెట్టె నిలిచింది. దాని పక్కన కంపెనీ స్టిక్కరు అంటించాను. అప్పుడే చైత్ర అత్తను అన్నానికి పిలవడానికి వచ్చింది. ఆ పక్క ఊళ్ల సంగతి తెలుసు కదా, ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివేది కన్నడం. నాలుక ఒక భాషది, కళ్లు ఇంకో భాషవి. గోడ మీద అక్షరాలు కనిపిస్తే చదవకుండా ఉండలేని పిల్ల చైత్ర. గట్టిగా చదివింది.

"ఒందు పాలిగె అరవత్నాల్కు పాలు నీరు."

ఒక వంతు మందుకు అరవై నాలుగు వంతుల నీళ్లు అని. కన్నడంలో పాలు అంటే వాటా. తాగే పాలను వాళ్లు హాలు అంటారు. బెంగళూరులో కూర్చుని స్టిక్కరు రాసినవాడు శుద్ధమైన కన్నడం రాశాడు, పాపం వాడి తప్పు వీసమెత్తు లేదు. కాని విన్నది సొన్నమ్మ చెవి.

"ఏమంటివే? ఒక పాలుకు అరవై నాలుగు నీళ్లా?"

"రాసిందే చదివినా అత్తా. ఇంగ అర్థం నువ్వు చూసుకో."

నేను గబగబా అడ్డం వచ్చాను. "అమ్మా, అమ్మా, ఇక్కడ పాలంటే పాలు కాదు. భాగం."

"ఓహోహో! మా పాలల్లో మీకు భాగం గూడా ఉండాదా?"

ఆమెకు మొదటిసారే అర్థమైందని ఇప్పటికీ నా అనుమానం. అర్థం కానట్టు ఉండడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. లేచి, చీర దులుపుకుని, ఇంటి దిక్కుకు కాకుండా ఊళ్లోకి నడిచింది. "అత్తా, అన్నం!" అని చైత్ర వెనకాల అరుస్తూనే ఉంది. 

నా ఖర్మకు అప్పుడే కరెంటు పోయింది. కరెంటు లేకపోతే మోటరు లేదు, మోటరు లేకపోతే నీళ్లు లేవు, నీళ్లు లేకపోతే కొలత లేదు. నీళ్లు వదిలి, ఒత్తిడి చూసి, మందు ఎంత లాగుతోందో కొలగ్లాసులో చూశాకే ఏ టిప్ వేయాలో తెలుస్తుంది. అందుకని టిప్ వేయకుండానే ట్యూబును మందు క్యానులో దించి, టిప్పుల డబ్బా జేబులో వేసుకుని, వరండాలో ఒక కునుకు తీశాను.

లేచేసరికి సాయంత్రం పాల వేళ అయింది. కరెంటు వచ్చింది, మోటరు తిరుగుతోంది, వరండా నిండా జనం. అందరి చేతుల్లోనూ పాల క్యాన్లు ఉన్నాయి, ఒక్కరూ పోయడం లేదు. ముందు వరసలో సొన్నమ్మ.

నంజుండప్ప అనే రైతు గొంతు సవరించుకున్నాడు. "ఓబలప్పా, మా పాలల్లో నీళ్లుండాయా అని పుల్ల పెడతావు. నువ్వు నీళ్లు కలిపేదానికి గోడకు మిషనే పెట్టించినావంట?"

"ఎవురయ్యా అన్నది?"

"ఎవురో ఏమిటికి? గోడ మీద రాసుండాది కదా. చైత్రా, చదవమ్మా ఇంకోసారి."

చైత్ర చదివింది. ఇంకోసారి అడిగితే ఇంకోసారి కూడా చదివేదే, అంత ఉత్సాహం. జనం గొల్లున నవ్వారు. ఇన్నేళ్లుగా పుల్ల దెబ్బ తినని ఇల్లు ఆ ఊళ్లో లేదు. అందరికీ పండగలా ఉంది. ఒక్క ఓబలప్ప మెడ నరాలు మాత్రం ఉబ్బాయి.

"ఇది నేల కడిగే మందయ్యా! కండ్లు పెట్టుకొని చూడండి!" అని విసురుగా వెళ్లి బటన్ నొక్కాడు.

"ఆగండప్పా, ఇంకా కొలత పెట్టలే..." నా మాట నాలోనే ఉండిపోయింది.

గొట్టంలోంచి తెల్లగా పడింది బక్కెట్లోకి. ఆ మందు గుణమే అంత, క్యానులో తేనెరంగు, నీళ్లు తగిలితే తెలుపు. పాలుండే చోట ఘాటు వాసన పనికిరాదని, ఏరికోరి వాసన లేని రకం తెచ్చాను. పైగా టిప్ లేదు, మందు వరదలా వచ్చింది. చిక్కగా, తెల్లగా, నురగతో. దూడను వదిలితే వచ్చి మూతి పెట్టేలా ఉంది.

జనమంతా బక్కెట్లోకి తొంగిచూశారు.

"నేల కడిగేదా ఇది?" అంది సొన్నమ్మ మెల్లగా. "ఏదీ, ఒక గుక్క తాగు చూద్దాం."

"తాగితే చస్తాను కదమ్మా!"

"అయ్యో అయ్యో, విషమా! మా పాల పక్కన విషం పెట్టినావా?"

పాలంటే దొంగ, విషమంటే హంతకుడు. ఓబలప్ప కుడితిలో పడ్డ ఎలుకయ్యాడు. నాకేసి చూశాడు. నేను నోరు తెరిచాను, నా మాట ఎవరూ వినలేదు. కేజీఎఫ్ వాడు, వీడూ జతే అని ఎవరో అన్నారు కూడా.

"సరే!" అని అరిచాడు ఓబలప్ప. "కురుడుమలె వినాయకుని ముందర కర్పూరం ఆర్పుతాను. రా సొన్నమ్మా, నువ్వూ రా. ఆ పొద్దు ఆర్పుతానంటివే, ఇద్దరమూ ఆర్పుదాం!"

సొన్నమ్మ ఒక్క క్షణం తడుముకుంది. తర్వాత పైట సర్దుకుని, చాలా మర్యాదగా అంది.

"పుల్ల ఉండంగా ప్రమాణం ఏమిటికప్పా?"

నవ్వులకు వరండా కప్పు ఎగిరిపోతుందేమో అనుకున్నాను. ఓబలప్ప మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు. ఆయనకు దేవుడి తర్వాత పుల్ల మీదే నమ్మకం, ఏది ముందో నేను చెప్పలేను. బక్కెట్లోంచి తెల్లటిది జాడీలో పోశాడు. పుల్ల వదిలాడు. అది మునిగి, పైకి లేచి, కాసేపు ఊగి, నిలిచింది. ఆయన కిందికి వంగి, రోజూ వందమందికి చెప్పే అలవాటు కొద్దీ, అదే రాగంతో గట్టిగా చదివేశాడు.

"ఇరవై తొమ్మిది. మంచి పాలు!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ఈలలు, చప్పట్లు. నంజుండప్ప తన క్యాను కింద పెట్టి మరీ నవ్వాడు. చైత్ర గోడకు జారగిలబడి కళ్లు తుడుచుకుంది. నేను ఉద్యోగ ధర్మం మరిచి అందరికంటే ఎక్కువ నవ్వాను.

నవ్వనిది సొన్నమ్మ ఒక్కతే. జాడీ దగ్గరికి వచ్చింది.

"ఓబలప్పా, నేల కడిగే మందుకు మంచి పాలని పేరు పెట్టింది ఈ పుల్ల. నా పాలకు నీళ్లని పేరు పెట్టింది గూడా ఇదే పుల్ల. ఇప్పుడు చెప్పు, ఎవురిని నమ్మాల?"

 ఓబలప్ప మళ్లీ నాకేసి చూశాడు. ఈసారి జనం కూడా చూశారు. నేను ఉన్నమాట చెప్పాను. "పుల్లకు తెలిసేది చిక్కదనం ఒక్కటే అప్పా. దేని వల్ల చిక్కన, దేని వల్ల పలచన, అది దానికి తెలియదు."

ఆయన పుల్లను పైకి తీసి తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. ముక్కుసూటి మనిషని ముందే చెప్పాను కదా, ఆ ముక్కు ఆయన వైపు తిరిగినా సూటిగానే ఉంది.

"అందరూ వినండి. సొన్నమ్మ నీళ్లు కలపలేదు. పుల్లను నమ్మి, నేను అనగూడని మాట అంటిని. ఇంగ ఆ పేరు పెట్టి ఎవురైనా పిలిస్తే ఆ ఇంటి పాలు నేను పట్టను." ఆమె చేతిలోని క్యాను తానే అందుకుని, పుల్ల పెట్టకుండా, ట్యాంకులోకి వంచాడు.

సొన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుపో నవ్వో నాకు తెలియలేదు.

తర్వాత నా పని నేను చేసుకున్నాను. బోరు నీళ్ల ఒత్తిడికి పసుపు టిప్ వేస్తే మందు ఎక్కువ లాగింది. నీలం వేస్తే చాల్లేదు. ఆకుపచ్చది సరిపోయింది. ఇప్పుడు గొట్టంలోంచి బియ్యం కడిగిన నీళ్లలా పలచగా వచ్చింది. స్టిక్కరు మీద పాలు అన్న మాట కొట్టేసి, పెన్నుతో కన్నడంలో భాగ అని రాశాను. మా నాన్న చూసి ఉంటే జన్మలో మొదటిసారి నన్ను మెచ్చుకునేవారు.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే సొన్నమ్మ వచ్చింది. చేతిలో సీసా నిండా పాలు.

"తీసుకో నాయనా. ఇంట్లో కాచుకొని తాగండి."

నా నోరు ఊరుకోదు కదా. "నీళ్లు కలపలేదు కదమ్మా?" అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

"పుల్ల ఆ పొద్దు నిజమే చెప్పింది నాయనా."

"ఏమిటీ?"

"నీళ్లు కలిసినాయి. కలిపింది మా ఆయన. చీట్లాటకు జతగాళ్లు వచ్చినారంట. క్యానులో చెంబెడు పాలు తీసి వాళ్లకు టీ కాచిపోసినాడు. నాకు తెలిస్తే అరుస్తానని చెంబెడు బోరు నీళ్లు పోసి సరి చేసినాడు, మహానుభావుడు! ఊరంతా నన్ను అంటా ఉంటే నోరు మెదపలేదు. పోయే ముందర ఆసుపత్రిలో చెయ్యి పట్టుకొని చెప్పినాడు. తిట్టేదానికి గూడా టైం ఇయ్యకుండా పాయె."

బస్సు మలుపు తిరిగింది. 

"మరి అన్నీ తెలిసి ఈ పొద్దు అంత గలాటా ఎందుకు చేస్తివమ్మా?"

"నేను కలపలేదు కదప్పా! చేయని పని ఎన్నాళ్లు మోయాల? నిజం చెప్తామంటే అది పోయి ఆయన మీద పడుతుంది. సచ్చినోడు లేసొచ్చి బదులు చెప్తాడా? ఓబలప్ప మీద వేద్దామంటే ఆయప్పది తప్పు లేదు. ఇంగ మిగిలింది పుల్ల ఒకటే." సీసా నా చేతిలో పెట్టి, బస్సును ఆపమని చెయ్యెత్తింది. "దాని మీద వేసినా. దానికి పెండ్లామా, బిడ్డలా, ఎవురు ఏడుస్తారు?"